పుస్తకం ఉంది, పేరే వేరు

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే బాధ మీద ఉన్నాయి. లైబ్రరీల్లో ప్రభుత్వ నివేదికలు దొరకడం లేదట. లైబ్రరీలో నా ఉద్యోగం ముప్పయ్యొక్క ఏళ్లు. అందులో ఇరవై రెండు ప్రభుత్వ ప్రచురణలు ఉంచే డాక్యుమెంట్స్ సెక్షన్లోనే గడిచాయి. మెట్ల కింద గది, ఒకటే కిటికీ. ఎవరికైనా అక్కడ డ్యూటీ వేస్తే ‘ఏం తప్పు చేశావేంటి?’ అని అడిగేవాళ్లు. అందుకని ఈ నెల మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

*

ప్రశ్న: మేడమ్, నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. ఒక పాత వరద విచారణ నివేదిక కావాలి. మా లైబ్రరీ కేటలాగులో కమిటీ అధ్యక్షుడి పేరుతో వెతికాను, రాలేదు. ‘వరద’ అని కొట్టినా రాలేదు. కౌంటర్లో అడిగితే కంప్యూటర్ చూసి ‘లేదు’ అన్నారు. మా గైడ్ మాత్రం ఇరవై ఏళ్ల కిందట అదే లైబ్రరీలో ఆ పుస్తకం తిరగేశానంటున్నారు. ఎవరి మాట నమ్మను?

— ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: ఇద్దరి మాటా నిజమేనమ్మా. పుస్తకం బీరువాలో ఉంది. కంప్యూటర్లోకి ఎక్కి ఉండదు, ఎక్కినా నువ్వు పిలుస్తున్న పేరుతో ఎక్కి ఉండదు.

ప్రభుత్వ నివేదికలకు రెండు పేర్లుంటాయి. జనం పిలిచేది ఒకటి, అట్ట మీద అచ్చయ్యేది ఇంకొకటి. 1942లో బ్రిటన్లో వచ్చిన బెవరిడ్జ్ రిపోర్టునే చూడు. దాని అసలు పేరు ‘సోషల్ ఇన్సూరెన్స్ అండ్ అలైడ్ సర్వీసెస్’. కెనెడీ హత్య మీద 1964లో వచ్చిన 888 పేజీల నివేదికను లోకమంతా వారెన్ కమిషన్ రిపోర్టు అంటుంది, ఆ కమిషన్ అధికారిక పేరులో వారెన్ అన్న మాటే లేదు. మనకు మండల్ కమిషన్‌గా తెలిసినది కాగితాల మీద రెండో వెనుకబడిన తరగతుల కమిషన్. కేటలాగు రాసేవాళ్లకు రూలు ఏం చెబుతుంది? టైటిల్ పేజీ మీద ఏముంటే అదే ఎక్కించమంటుంది. రూలు తప్పేం కాదు. అంతటితో పెన్ను మూసేయడమే తప్పు.

నాకీ సంగతి ఒక రిటైర్డ్ ఇంజనీరు గారి వల్ల బోధపడింది. కాలువ గండి మీద వచ్చిన ‘పచ్చ అట్ట రిపోర్టు’ కావాలని వచ్చారాయన. సంవత్సరం గుర్తులేదు. నేనూ అటెండరూ కలిసి మూడు రోజులు వెతికాం. చివరికి అది ఇరిగేషన్ శాఖ పేరు కింద, టైటిల్ దగ్గర ‘రిపోర్ట్’ అన్న ఒక్క ముక్కతో, ‘2 సంపుటాలు’ అన్న వివరంతో దొరికింది. కాలువ మాట లేదు, గండి మాట లేదు. అప్పట్లో మా కార్డు క్యాబినెట్లో ‘రిపోర్ట్’ అన్న పదంతో మొదలయ్యే కార్డులే రెండున్నర డ్రాయర్లు ఉండేవి, వాటి నడుమ అదొకటి. ఆయన పుస్తకం తీసుకుని కూర్చోలేదు. నిలబడే రెండో సంపుటంలో ఒక పట్టిక దాకా తిప్పి, వేలు పెట్టి చూపించారు. ‘ఈ కొలత నేను తీసిందేనమ్మా. చూశావా, దశాంశ బిందువు ఒక గడి పక్కకి పడింది.’ అంతే, పుస్తకం నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఆ కార్డును బయటికి తీసి, పెన్సిలుతో కాలువ పేరు, గండి పడ్డ ఏడాది, ‘పచ్చ అట్ట’ అని రాశాను. పెన్సిలు రాతలకు మా పెద్దాయన కోప్పడ్డారనుకోండి, అది వేరే కథ.

ఇక నువ్వు చేయాల్సింది. అధ్యక్షుడి పేరు వదిలెయ్. ఆ కమిటీని ఏ శాఖ వేసిందో తెలుసుకుని, శాఖ పేరు, సంవత్సరం కలిపి వెతుకు. శాఖకు అప్పట్లో ఏ పేరుండేదో ఆ పేరే వాడు, ఇప్పటి పేరు కాదు. అప్పటికీ రాకపోతే అదే విషయం మీద తర్వాత వచ్చిన నివేదిక ఏదైనా తీసి ఫుట్‌నోట్లు చూడు. ఒక కమిటీ తన ముందరి కమిటీని అధికారిక పేరుతోనే ఉటంకిస్తుంది. ఈ దారి ఎంత మందికి పని చేసిందో లెక్కలేదు.

ఫుట్‌నోట్లో నంబరు కనబడితే దాని ముందున్న అక్షరాలు కూడా రాసుకో. బ్రిటిష్ కమాండ్ పేపర్లు, అంటే అక్కడి ప్రభుత్వం పార్లమెంటుకు సమర్పించే కాగితాలు, వాడే మా పాఠకులు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. 1870లో సీ అని మొదలై, 1900 నుంచి సీడీ, 1919 నుంచి సీఎండీ, 1956 నుంచి సీఎంఎన్‌డీ, 1986 నుంచి సీఎం, 2019 నుంచి సీపీ. అక్షరాలు మారిన ప్రతిసారీ నంబర్లు మళ్లీ ఒకటి నుంచే. బెవరిడ్జ్ రిపోర్టు సీఎండీ 6404. వట్టి 6404 అని అడిగితే సంబంధం లేని కాగితం చేతికొస్తుంది.

కౌంటర్లో అడిగే మాట కూడా మార్చు. ‘ఈ పుస్తకం ఉందా?’ అంటే కంప్యూటర్ వైపు చూస్తారు. ‘కంప్యూటర్లోకి ఎక్కించని ప్రభుత్వ ప్రచురణలు ఏ గదిలో ఉంటాయి? వాటి షెల్ఫ్ లిస్టు గానీ, యాక్సెషన్ రిజిస్టర్ గానీ ఎక్కడుంది?’ అని అడుగు. మొదటిది బీరువాలో ఉన్న వరసలో పుస్తకాల జాబితా, రెండోది లైబ్రరీకి వచ్చిన వరసలో రాసుకునే పుస్తకం. తాళాలున్న మనిషి వైపు చూస్తారు.

*

ప్రశ్న: నమస్తే మేడమ్ గారూ. నేను లైబ్రరీలో చేరి ఏడాది. ఒక ఆఫీసు మూసేస్తూ వాళ్ల దగ్గరున్న ప్రభుత్వ ప్రచురణలన్నీ మాకు పంపించారు. రెండు వందల అట్టపెట్టెలు. ఉన్నది ఇద్దరం. మొదటి పెట్టె నుంచి మొదలుపెట్టి ఒక్కోదానికి పూర్తి రికార్డు చేస్తున్నాం. మూడు నెలల్లో నాలుగు పెట్టెలు అయ్యాయి. త్వరగా అవ్వాలంటే ఏం చేయాలి?

— ఒక జూనియర్ లైబ్రేరియన్

జవాబు: ముందు ఆపెయ్ బాబూ. మిగిలినవి నూట తొంభై ఆరు పెట్టెలు. ఈ లెక్కన ఇంకో పన్నెండేళ్లు. అప్పటికి మీ ఇద్దరిలో ఒకరు ట్రాన్స్‌ఫర్ అయిపోయి ఉంటారు, అడుగు పెట్టెలకు చెద పట్టి ఉంటుంది.

రికార్డు రాయడం కంటే ముందు పెట్టెలన్నీ తెరిచి, ఏ ఆఫీసు ప్రచురించిందో చూసి కుప్పలు వెయ్యండి. విషయాన్ని బట్టి వెయ్యకండి. ప్రతి పుస్తకాన్నీ తెరిచి ఇది ఆరోగ్యమా, జనాభానా, పన్నులా అని తర్కించుకుంటూ కూర్చుంటే అక్కడే తెల్లారిపోతుంది. ఆఫీసు పేరు అట్ట మీదే ఉంటుంది, అటెండరు కూడా వెయ్యగలడు. ఈ ఉపాయం నాది కాదు. లాస్ ఏంజెలెస్ పబ్లిక్ లైబ్రరీలో అడిలైడ్ హాసే అనే ఆవిడ ఈ పద్ధతి మీద పనిచేశారు. 1895లో అమెరికా ముద్రణ చట్టం వచ్చి, ప్రభుత్వ ముద్రణాలయంలో ప్రచురణల సూపరింటెండెంట్ ఆఫీసు ఏర్పడగానే అక్కడ మొదటి లైబ్రేరియన్‌గా వెళ్లారు. ఇప్పటికీ అక్కడి సూడాక్ (సూపరింటెండెంట్ ఆఫ్ డాక్యుమెంట్స్‌కు పొట్టి పేరు) నంబర్లు ఇదే సూత్రం మీద నడుస్తున్నాయి. ముందు శాఖకు అక్షరం, తర్వాత దాని కింది ఆఫీసుకు అంకె, చుక్క పెట్టి సిరీస్‌కు ఇంకో అంకె, కోలన్ తర్వాత ఫలానా పుస్తకం.

దీంట్లో ఒక చిక్కుంది, ముందే చెబుతున్నాను. ప్రభుత్వాలు శాఖల్ని పేకముక్కల్లా కలుపుతుంటాయి. అమెరికా వాతావరణ బ్యూరో వ్యవసాయ శాఖ కింద ఉన్నప్పుడు దాని ప్రచురణలు ఏ 29 దగ్గర ఉండేవి. 1940లో వాణిజ్య శాఖకు మార్చారు, సీ 30 అయింది. 1970లో సముద్రాలు, వాతావరణం చూసే నోవా అనే సంస్థ వచ్చాక ఆ పని సీ 55 కిందికి చేరింది. కురిసే వాన అదే, కొలిచే గొట్టం అదే, పుస్తకాలు మాత్రం మూడు బీరువాల్లో. మొదటి బీరువా చూసిన పాఠకుడు ‘1940 తర్వాత ఆపేశారు కాబోలు’ అనుకుని వెళ్లిపోతాడు.

అందుకే ఆథారిటీ రికార్డు, అంటే ఒక ఆఫీసు పేర్లన్నీ ఒక్కచోట ముడిపెట్టి ఉంచే రికార్డు. దాన్ని ఎవరూ చూడరని జనం దాటేస్తారు. నన్నడిగితే డాక్యుమెంట్స్ సెక్షన్లో అసలు పని అదే. ఒక్కో ఆఫీసుకు ఒక్క రికార్డు, అందులో 510 ఫీల్డులో (రికార్డులో ఒక్కో రకం వివరానికి నంబరు వేసి ఉంచిన చోటే ఫీల్డు) ‘దీని ముందు పేరు ఇది, తర్వాతి పేరు ఇది’ అని రెండు వైపులా ముడి. మీ రెండు వందల పెట్టెల్లో నలభై యాభై ఆఫీసుల కంటే ఎక్కువ ఉండకపోవచ్చు. నలభై రికార్డులంటే ఇద్దరికి రెండు వారాల పని. అది చేశాక పాఠకుడు ఏ పేరుతో వచ్చినా మూడు బీరువాలూ తెరుచుకుంటాయి.

తర్వాత సిరీస్. వార్షిక నివేదికలు, గణాంక పుస్తకాలు, బులెటిన్లు: ఇవే మీ పెట్టెల్లో మూడొంతులు ఉంటాయి, చూసుకోండి. ముప్పై ఏళ్ల వార్షిక నివేదికలకు ముప్పై రికార్డులు దండగ. సిరీస్‌కు ఒకటి చాలు. దాని కింద ఉన్న సంవత్సరాలు, లేని సంవత్సరాలు. లేనివి కూడా రాయండి, మర్చిపోకండి. లేదని తెలిస్తే పాఠకుడు ఇంకో లైబ్రరీకి వెళతాడు. ‘వార్షిక నివేదిక’ అన్న టైటిల్ని ఒంటరిగా వదలకండి, వెంటనే ఆఫీసు పేరు తగిలించండి. లేకపోతే స్క్రీన్ మీద నాలుగు వందల ‘వార్షిక నివేదిక’లు వరసగా వస్తాయి, ఒకదానికీ మరొకదానికీ తేడా తెలియదు.

విచారణ కమిటీల నివేదికలు, శ్వేతపత్రాలు, ఒకేసారి అచ్చయి ఆగిపోయినవి మాత్రం విడిగా తీసి పూర్తి రికార్డు చెయ్యండి. అక్కడ పిసినారితనం వద్దు. జనం పిలిచే పేరు 246లో, నివేదిక నంబరు 088లో, అధ్యక్షుడి పేరు 700లో. ఈ మూడూ ఎక్కించడానికి నాకు ఒక్కో పుస్తకానికి నాలుగు నిమిషాలు పట్టేది.

ఇంకో అలవాటు చేసుకోండి. కౌంటర్ మీద ఒక రూళ్ల నోటుపుస్తకం పెట్టండి. ఎవరైనా ఏదైనా అడిగి, మీరు వెంటనే చూపించలేకపోతే, వాళ్ల నోట వచ్చిన మాట వచ్చినట్టే రాయండి. సరిదిద్దొద్దు. ‘పచ్చ అట్ట రిపోర్టు’ అంటే పచ్చ అట్ట రిపోర్టే. పుస్తకం దొరికాక ఆ మాటను 246లోనో, 500 నోట్‌లోనో ఎక్కించండి. నేను ఈ పని తొమ్మిదేళ్లు చేశాను. ఒకసారి దొరక్కపోయినది రెండోసారి అడిగేసరికి దొరికేది. అడిగేవాళ్లు వేరే అయినా మాటలు అవే వస్తాయి, ఇది చిత్రం.

పని పూర్తయ్యే దాకా ఆగకుండా రేపే చేయాల్సింది ఒకటుంది. మీ ఓపాక్, అంటే పాఠకులు వెతుక్కునే కంప్యూటర్ కేటలాగు, మొదటి పేజీలో ఒక వాక్యం పెట్టించండి: ‘ఫలానా సంవత్సరానికి ముందటి ప్రభుత్వ ప్రచురణలు ఇందులో లేవు, డాక్యుమెంట్స్ సెక్షన్లో అడగండి.’ పెద్దవాళ్లకే తప్పని గొడవ ఇది. అమెరికా ముద్రణాలయం కేటలాగు కంప్యూటర్ చదవగలిగే మార్క్ రికార్డుల్లోకి మారింది 1976 జులైలో. అంతకు ముందువి కార్డుల్లో, అచ్చు కేటలాగుల్లో ఉండిపోయాయి. వాటిని వెనక్కి వెళ్లి ఎక్కించే పని చాలా చోట్ల దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. ఖాళీ స్క్రీన్ చూసిన పాఠకుడికి ‘పుస్తకం లేదు’ అనే అర్థమవుతుంది. ‘ఇంకా ఎక్కించలేదు’ అని అర్థం కాదు. ఆ తేడా చెప్పే వాక్యం రాయడానికి బడ్జెట్ అక్కర్లేదు.

*

ప్రశ్న: ఇప్పుడన్నీ పీడీఎఫ్‌లుగా వెబ్‌సైట్లలో ఉన్నాయి కదండీ. ఇంకా ఈ కాగితాలు, బీరువాలు, కేటలాగులు ఎందుకు?

— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: అన్నీ లేవు బాబూ. ఉన్నవి రేపు అక్కడే ఉంటాయని పూచీ లేదు. మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్ కొత్తగా కట్టిన ప్రతిసారీ పాత లింకులు తెగుతాయి. రికార్డులో 856 ఫీల్డులో రాసుకున్న చిరునామా నొక్కితే ‘పేజీ లేదు’ అని వస్తుంది. అందుకే అమెరికా ముద్రణాలయం 1998 నుంచి పర్ల్ అనే మధ్యవర్తి చిరునామా వాడుతోంది. ఫైలు ఎటు కదిలినా మధ్యవర్తి దగ్గర ఒక్కచోట మారిస్తే చాలు, వెయ్యి లైబ్రరీల రికార్డులు ముట్టుకోనక్కర్లేదు. ఆ రంగం వాడివి, ఇది నాకంటే నీకే బాగా తెలియాలి.

ఇంకా నేను స్వయంగా చూసినవి. ఒక నివేదిక చివర సంచిలో మడతపెట్టిన పటం ఉంటుంది, విప్పితే బల్లంత. స్కాన్ చేసిన వాళ్లు దాన్ని విప్పలేదు. పీడీఎఫ్‌లో మడత పటం మడతగానే, వీపు వైపు నుంచి, తెల్ల కాగితంలా పడింది. పేజీల లెక్క సరిపోయింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మైక్రోఫిష్ సంగతీ అంతే. అరచేతిలో పట్టే ఒక్క ఫిల్ము ముక్కలో 98 పేజీలు పడతాయి. రికార్డులో మాత్రం ‘1 మైక్రోఫిష్’ అని ఉంటుంది, చదివినవాళ్లు ఏదో కరపత్రం అనుకుని వదిలేస్తారు.

మన భాషలో ఇంకో తలనొప్పి. యూనికోడ్ రాక ముందటి ఫాంట్లలో చేసిన తెలుగు పీడీఎఫ్‌లు కంటికి చక్కగా కనబడతాయి. ఒక వాక్యం కాపీ చేసి ఇంకో చోట అతికించి చూడు, డాలరు గుర్తులూ కొమ్ముల అక్షరాలూ వస్తాయి. అలాంటి ఫైల్లో ఏ సెర్చ్ ఇంజనూ తెలుగు మాట పట్టుకోలేదు. ఆ ఫైలుకు తెలుగులో ఎవరో కూర్చుని రాసిన కేటలాగు రికార్డు ఒక్కటే తలుపు.

*

ప్రశ్న: ప్రభుత్వ పుస్తకం అంటే ప్రజల పుస్తకమే కదమ్మా? ఇంటర్నెట్‌లో స్కాన్ చేసి పెట్టి కూడా ‘చూడడానికి అనుమతి లేదు’ అంటారేమిటి?

— ఒక రిటైర్డ్ టీచరు

జవాబు: మాస్టారూ, ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. అమెరికా ఫెడరల్ ప్రభుత్వ రచనలకు అక్కడ కాపీరైట్ లేదు. బ్రిటన్లో ప్రభుత్వ రచనల మీద క్రౌన్ కాపీరైట్ అని ప్రభుత్వ హక్కు ఉంది. కాబట్టి ప్రభుత్వానిదైనంత మాత్రాన అందరిదీ అని చెప్పలేం.

అయితే చట్టం అడ్డు లేని పుస్తకాలు కూడా మూసి ఉంటాయి, దాని కారణం వింటే మీకు నవ్వొస్తుంది. మార్క్ రికార్డులో 008 అని ఒక ఫీల్డు ఉంది, నలభై అక్షరాల చోటు. సున్నా నుంచి లెక్కపెడితే 28వ గడిలో ఇది ప్రభుత్వ ప్రచురణా, అయితే ఏ స్థాయిది అని ఒకే ఒక్క అక్షరం రాస్తారు. దేశ ప్రభుత్వానిదైతే ఎఫ్, రాష్ట్రానిదైతే ఎస్, స్థానిక సంస్థదైతే ఎల్, అంతర్జాతీయ సంస్థదైతే ఐ. హాతీట్రస్ట్ లాంటి పెద్ద డిజిటల్ లైబ్రరీలో లక్షల పుస్తకాలను మనుషులు ఒక్కొక్కటీ చూడలేరు కదా, అమెరికా ప్రభుత్వ ప్రచురణ అవునా కాదా అని యంత్రం ఇలాంటి గడుల్ని బట్టే తేల్చుకుంటుంది. ఎప్పుడో ఎవరో టైపు చేస్తూ ఆ గడి ఖాళీగా వదిలేస్తే తలుపు మూతపడుతుంది. నేనూ వదిలేశాను మాస్టారూ, ఎన్నో నాకే తెలియదు. శుక్రవారం సాయంత్రాలు ఎక్కించినవి ఎవరైనా తిరిగి చూస్తే మంచిది.

మీరు చేయగలిగింది ఒకటుంది. అలాంటి సైట్లలో తప్పు తెలియజేసే లింకు ఉంటుంది. పుస్తకం పేరు, ప్రచురించిన ఆఫీసు రాసి, ఇది ప్రభుత్వ ప్రచురణ, మళ్లీ చూడమని పంపండి.

*

ప్రశ్న: మా నాన్నగారు పోయాక ఆయన గదిలో ఓ నూట యాభై ప్రభుత్వ నివేదికలు దొరికాయి. లైబ్రరీకి ఇస్తామంటే వద్దన్నారు. తూకానికి వేయడానికి మనసు రావడం లేదు అమ్మా.

— ఒక గృహిణి

జవాబు: వద్దన్నారని బాధపడకమ్మా. విడిగా నూట యాభై పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెడితే నేనూ వద్దనే దాన్ని, వాటిలో ఏముందో తేల్చే మనిషి ఉండడు. జాబితాతో వెళ్లు. నోటుపుస్తకంలో ఒక్కో వరుసకు ఒక్కో పుస్తకం: అట్ట మీది పేరు, ప్రచురించిన ఆఫీసు, సంవత్సరం, నంబరేదైనా ఉంటే అది. చివరి అట్టలో సంచి ఉందా, పటం ఉందా చూడు. లోపల ‘తప్పొప్పుల పట్టిక’ అని చిన్న చీటీ ఉంటే పారేయకు, చాలా లైబ్రరీల ప్రతుల్లో అది రాలిపోయి ఉంటుంది. నాన్నగారు మార్జిన్లో ఏమైనా రాసి ఉంటే ఆ పేజీలు కూడా జాబితాలో రాయి.

ఆ జాబితా పట్టుకుని, వాళ్ల సిరీస్‌లో లేని సంవత్సరాలేవో చూడమను. ఖాళీల్ని పూడ్చే ఐదో ఆరో పుస్తకాలు కచ్చితంగా తీసుకుంటారు. మిగతా వాటిని ఆ శాఖ సొంత లైబ్రరీకో, అదే విషయం చదివే యూనివర్సిటీ విభాగానికో అదే జాబితాతో చూపించు.

ఇంకోటి. మొదటి ఉత్తరం రాసిన అమ్మాయి వెతికే వరద రిపోర్టు మీ నాన్నగారి బీరువాలో ఉందేమో ఒకసారి చూడవా తల్లీ. అట్ట మీద ‘వరద’ అని ఉండదు, లోపలి పేజీలు కూడా తిప్పు.